అర్థం చెప్పినవారు

ఫిబ్రవరి 4

ఈలపిట్టకు,

మీ మావయ్య లిఫ్టు మోటారు గదిలో గ్రీజు డబ్బా మీద కాగితం పెట్టుకుని రాస్తున్న సంగతులు. నీకు శాంతి సమాధానం కలుగుగాక. మీ అత్త మోకాలు తప్ప ఇక్కడ అందరం క్షేమం.

ఫోన్ చెయ్యొచ్చు కదా అని అత్త అడిగింది. వెళ్ళేటప్పుడు నువ్వన్న మాటే చెప్పాను: ఫోన్‌లో అయితే నేను ప్రసంగిస్తాను, నువ్వు ఏడుస్తావు; కాగితం మీదైతే ఇద్దరం కుదురుగా ఉంటాం. "మీరు కాగితం మీద మాత్రం ఎప్పుడు కుదురుగా ఉన్నారు?" అంది. దానికి నా దగ్గర జవాబు ఉంది, కానీ పొయ్యి మీద టీ ఆమెది.

నీ పాట నన్ను బతకనివ్వడం లేదు. రొట్టెల కొట్లో 'కిటికీ తెరువు', బస్సులో 'కిటికీ తెరువు', చివరికి పళ్ళ డాక్టరు నా నోట్లో వేలు పెట్టి కూడా అదే కూనిరాగం. మొదటి ఆల్బమ్‌తోనే ఇంత పేరు వస్తుందని ఎవరనుకున్నారు? సంతోషమే. కానీ వినమ్మా, చెవులున్నవాళ్ళు వినాలి కాబట్టి చెబుతున్నాను. అడవిలో జనానికి ఆకాశం నుంచి రొట్టె కురిసినప్పుడు ఏ రోజుది ఆ రోజే తినమన్నారు. తెలివిగల వాళ్ళు కొందరు రేపటికి కూడా ఉంటుందని దాచుకున్నారు. తెల్లారేసరికి పురుగులు! కంపు! రెండో ఆల్బమ్ చేస్తున్నావట. నిన్నటి రొట్టె వేడిచేసి పెట్టకు. అంతే నేను చెప్పేది. (ఇంకా చాలా ఉంది, కాగితం చాలదు.)

మంగళవారం ఆరో అంతస్తుకూ ఏడుకూ మధ్య లిఫ్టు ఆగింది. లోపల ముగ్గురు గుమాస్తాలు. నేను పైన బ్రేకు సర్దుతూ, లోపలి ఫోన్లో వాళ్ళకు ఇరవై నిమిషాలు దేవుడి వాక్యం చెప్పాను. చివర ఒకాయన, "అయ్యా, అన్నీ నమ్ముతున్నాం, ముందు కిందికి దింపండి" అన్నాడు. నేను కోసిన పంటల్లో అదే పెద్దది.

మీ మావయ్య

కింద నేను, అత్తని. తింటున్నావా? దానికి జవాబు రాయి. మిగతావాటికి ఆయనకి రాసుకో.


ఫిబ్రవరి 12

మావయ్యకు, వెనక నిలబడి చదువుతున్న అత్తకు కూడా,

తింటున్నాను అత్తా.

నేను పనిచేసే గది గురించి అడగలేదు కానీ చెప్తాను. కిటికీ లేదు. 'కిటికీ తెరువు' పాడిన దానికి ఇది శిక్ష కాబోలు. గోడల నిండా స్పాంజి. అరిస్తే అరుపు గోడలోకి ఇంకిపోతుంది. నువ్వు ఇక్కడ ప్రసంగిస్తే పది నిమిషాల్లో, నేను మాట్లాడుతున్నానా లేదా అని నీకే అనుమానం వస్తుంది. అద్దం అవతల సౌండ్ ఇంజనీరు కూర్చుంటాడు. నేను పాడుతున్నంతసేపూ తల వంచుకుని పేపర్లో గళ్ళ నుడికట్టు నింపుతాడు. ఆరు వారాల్లో ఆయన నాతో అన్న ఒకే మాట, "నిలువు పదకొండు, 'విసుగు'కి ఐదక్షరాలు తెలుసా?"

కంపెనీ ఆయన వారానికోసారి వస్తాడు.

"మళ్ళీ అదే కావాలమ్మా. కానీ కొత్తగా ఉండాలి."

"అంటే ఎలాగండీ?"

"అంటే, అదే. కానీ కొత్తగా."

పది పాటలు అయ్యాయి మావయ్యా. క్యాసెట్ పంపుతున్నాను. విను. నిజం చెప్పు. నువ్వు నిజం తప్ప ఇంకోటి చెప్పలేవు కాబట్టే పంపుతున్నాను. మాటల గురించి మాత్రం ఇప్పుడేమీ అడగొద్దు.

నీ ఈలపిట్ట


ఫిబ్రవరి 20

ఈలపిట్టా! ఈలపిట్టా!

ఏమని మొదలుపెట్టను? కాగితం మీద మరక ఉంటే అది గ్రీజు కాదు.

క్యాసెట్ శనివారం వచ్చింది. మోటారు గదికి తీసుకెళ్ళి టేప్ రికార్డర్లో పెట్టాను. మొదటి పాట. ఒక్క మాట అర్థం కాలేదు. "లమ రీయ నోలె షాయ" అని ఏదో. నా చెవులు పోయాయనుకున్నాను. రెండోదీ అంతే. మూడో పాటకు వచ్చేసరికి ఒళ్ళంతా వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. మాటల గురించి అడగొద్దన్నావు! అప్పుడు అర్థమైంది ఎందుకు అడగొద్దన్నావో! ముప్పై ఏళ్ళుగా ఆ వరం కోసం మోకాళ్ళు అరగదీశాను. మనుషులకు తెలియని భాష, పైనుంచి దిగివచ్చే భాష. నా నాలుక మీదికి ఒక్క అక్షరం రాలేదు. నీకు వచ్చింది! నా ఇంట్లో పెరిగిన దానికి! పెద్దలకు దాచి పసివాళ్ళకు చూపించడం దేవుడికి అలవాటేగా.

దీపం వెలిగించి గంప కింద పెట్టేవాడు ఉంటాడా? ఆదివారం టైర్ల కొట్టు మీది గదిలో మన సంఘం అందరికీ వినిపించాను. ముప్పై నాలుగు మంది. కింద టైరుకు గాలి పట్టేవాడు కూడా మిషన్ ఆపాడు.

అయితే నేను చట్టం తప్పే మనిషిని కాను. అలాంటి భాష వినపడితే అర్థం చెప్పేవారు ఉండి తీరాలి, లేకపోతే మాట్లాడేవాడు నోరు మూసుకోవాలని అపొస్తలుడు పాతకాలం సంఘానికి గట్టిగా రాశాడు. కాబట్టి అడిగాను: "ఎవరికి ఏం వినపడింది? లేచి చెప్పండి!" అందరూ కుర్చీలు సర్దుకున్నారు. చివరికి ఇస్త్రీ అవ్వ లేచింది. నీకు తెలుసుగా, ఆవిడ సంఘంలో నోరు విప్పితే కిటికీ మూయమనడానికే.

"ఇస్త్రీ చేసిన చొక్కా చల్లారకముందే ఇచ్చెయ్యాలయ్యా. వెచ్చగా తొడుక్కున్నవాడికి ఎవరో కౌగిలించుకున్నట్టు ఉంటుంది. ఈ పాట అదే చెప్తోంది" అంది.

తర్వాత బస్సు డ్రైవరు. "ఆఖరి స్టాపులో ఒక అమ్మాయి దిగలేదు. ఎక్కడికమ్మా అంటే, ఇక్కడికి కాదు అంది. అదీ రెండో పాట."

ఇక ఆగితే కదా! వరసగా మూడు సాయంత్రాలు కూర్చున్నాం. పాత లిఫ్టు తనిఖీ ఫారాల వెనక అన్నీ రాయించాను. తొమ్మిది పాటలకు అర్థాలు వచ్చాయి. పదో పాటకు ఎవరూ లేవలేదు. మూడుసార్లు వినిపించాను, మూడుసార్లూ అందరూ నేల చూశారు.

మీ అత్తని అడిగితే, "ఈ పిల్ల సరిగ్గా తినట్లేదని అర్థం. దగ్గు కూడా ఉంది" అంది. ఆమెకు ఆత్మీయ సంగతులు పట్టవు.

నీ మావయ్య, ధన్యుడు


ఫిబ్రవరి 21

మావయ్యకు,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. తొమ్మిది రోజులు. నచ్చనిది చెప్పడానికి నీకు తొమ్మిది నిమిషాలు పట్టదు. అంటే చెప్పడానికి కూడా వీల్లేనంత ఘోరంగా ఉందన్నమాట. అర్థమైంది.

ఇంకో సంగతి, ముందే రాయాల్సింది, మరిచాను. ఆ క్యాసెట్ ఎవరికీ వినిపించకు. నీ ఒక్కడి కోసమే. ముఖ్యంగా సంఘంలో వద్దు.

ఉన్నది చెప్తాను. మార్చి నెలాఖరు గడువు. అప్పటికి పాటలు పూర్తికాకపోతే కంపెనీ వాళ్ళ రచయిత రాసినవి నేను పాడాలి. నేనే సంతకం పెట్టాను. ఆయన ఇప్పటికే ఒకటి తెచ్చాడు. 'తలుపు తెరువు.' దాని తర్వాత 'గేటు తెరువు' కూడా ఉందట. నవ్వకు.

నీ ఈలపిట్ట


మార్చి 1

మావయ్యా,

నీ ఉత్తరం చదివి నేల మీద కూర్చుండిపోయాను. ముందు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

అది దేవభాష కాదు. ఏ భాషా కాదు. మా పనిలో ముందు రాగం వస్తుంది, మాటలు తర్వాత వస్తాయి. మాటలు వచ్చేదాకా నోటికొచ్చిన శబ్దాలు పెట్టి పాడుకుంటాం, బస్సులో సీటు మీద రుమాలు వేసినట్టు. పాటలవాళ్ళు ఎవరు విన్నా తెలుస్తుంది, అందుకే విడిగా చెప్పలేదు. నీకు చెప్పాల్సింది. నువ్వు పాటలవాడివి కాదని మరిచాను.

"మాటల గురించి అడగొద్దు" అన్నది మాటలు లేవు కాబట్టి. మొదటి ఆల్బమ్ తర్వాత ఒక్కటీ రాలేదు. కాగితం మీద ఒక మాట పెడితే అది నా మొహం చూసి, "నేను ఆ కిటికీ అంత బాగున్నానా?" అని అడుగుతుంది. కొట్టేస్తాను. ఎనిమిది నెలల నుంచి ఇదే. తింటున్నానని అత్తకు రాసింది కూడా సగం అబద్ధం.

సంఘానికి నువ్వే చెప్పు మావయ్యా. నేను చెప్పలేను. ఇస్త్రీ అవ్వకి ముందు చెప్పు. నిన్ను నలుగురిలో తలదించుకునేలా చేశాను. తిట్టాలనుంటే పెద్ద కాగితం మీద తిట్టు.

నీ పిట్ట


మార్చి 7

అమ్మాయీ,

ఉత్తరం అందింది. ఈసారి ప్రసంగం లేదు.

నిన్ను తిట్టడానికి నాకేం హక్కుంది? నువ్వు పాట పంపావు. వినాలనుకున్నది నేను విన్నాను. పూర్వం ఒక ప్రవక్త గాడిదెక్కి పోతుంటే దారికి అడ్డంగా నిలబడిన దేవదూత ఆయనకు కనపడలేదు, గాడిదకు కనపడ్డాడు. ఆ కథ వందసార్లు చెప్పి ఉంటాను. చెప్పినప్పుడల్లా ఇలాంటి ప్రవక్తలు ఎలా ఉంటారో అని నవ్వేవాణ్ణి. ఇలా ఉంటారు. లిఫ్టు మెకానిక్‌లా ఉంటారు.

అసలైనదాన్ని శబ్దం వినే గుర్తుపడతానని ముప్పై ఏళ్ళుగా వాళ్ళకు చెబుతూ వచ్చాను. ఆదివారం వెళ్ళి నిజం చెప్పి, గది తాళం డ్రైవరుకు ఇచ్చేస్తాను. ఇకమీద వెనక కుర్చీలో కూర్చుంటాను.

మావయ్య

అత్తని. రెండు రోజులుగా ఈయన మాట్లాడటం లేదు. ఇల్లు హాయిగా ఉంది. కానీ నాకు భయంగా ఉంది. నిన్న లిఫ్టులో ఇరుక్కున్న వాళ్ళని ఒక్క మాటా అనకుండా దింపేశారట. వాళ్ళే పైకొచ్చి, "ఒంట్లో బాగా లేదా?" అని అడిగారట.


మార్చి 15

ఈలపిట్టకు,

సమాధానం! సమాధానం! తాళం నా జేబులోనే ఉంది. ఎందుకుందో చెబుతాను, కూర్చో.

ఆదివారం ఉదయం గదిలోకి వెళ్ళాను. ముందు నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "అది పైనుంచి వచ్చిన భాష కాదు. మాటలు దొరక్క మా పిల్ల నోటికొచ్చింది పాడుకుంది. నేను పొరపడ్డాను, మిమ్మల్ని కూడా పొరపాటులో పడేశాను." తల దించుకున్నాను. కింద గాలి మిషన్ ఒక్కటే బుస్సుమంటోంది.

ఇస్త్రీ అవ్వ కూర్చున్న చోటునుంచే అంది, "మాకు తెలుసులేవయ్యా."

"ఏం తెలుసు?"

"నాలుగో పాట మధ్యలో పిల్ల దగ్గి, 'ఛీ, మళ్ళీ మొదట్నుంచి' అంది కదా. దేవుడి భాషలో ఛీ ఉంటుందా?"

ఎవరో ఒకరు ముందు నవ్వారు, డ్రైవరే అనుకుంటా. ఇక ముప్పై నాలుగు మందీ! సంఘం అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. నేను చెప్పిన హాస్యాలకైతే ఒక్కడూ నవ్వలేదు.

నాకు కోపం వచ్చింది, అబద్ధమెందుకు. "తెలిసీ ఎందుకు లేచారు? తెలిసీ ఆ అర్థాలన్నీ ఎందుకు చెప్పారు? నా ముందే నాటకమా?" అని ఉరిమాను.

అవ్వ లేచి నిలబడింది. "నాటకం కాదు. నలభై ఏళ్ళుగా ఇస్త్రీ చేస్తున్నాను. ఒక పాట వినిపించి, నీకేం వినపడింది చెప్పు అని నన్ను అడిగినవాళ్ళు ఎవరూ లేరు. నువ్వు అడిగావు. విన్నది చెప్పాను. అది తప్పయితే కిటికీ మూయమని తప్ప ఇంకేమీ అననులే."

ఈలపిట్టా, అప్పుడు లెక్క వేసుకున్నాను. ముప్పై ఏళ్ళు అక్కడ నిలబడి నేను చెప్పాను, వాళ్ళు విన్నారు. నేను విన్నది ఆ మూడు సాయంత్రాలే. అవి కూడా పొరపాటున! తాళం తీసి డ్రైవరుకు ఇవ్వబోతే తీసుకోలేదు. "నువ్వు కూర్చుంటే మేమెవర్ని చూసి నిద్రపోవాలి?" అన్నాడు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. ఇకమీద సగం పూట నేను చెబుతాను, సగం పూట అడుగుతాను.

తనిఖీ ఫారాలు పంపుతున్నాను. వాడుకోమని కాదు. పారేస్తే పాపమని. గ్రీజు మరకలున్నవి నేను పట్టుకున్నవి, నీటి మరకలున్నవి అవ్వ చెప్పినవి.

మీ మావయ్య

గడువు దగ్గర పడిందని విన్నాను. అన్నం తిని ఏడువు. ఏడ్చాక తినలేవు. అత్త.


ఏప్రిల్ 2

మావయ్యకు, అత్తకు, టైర్ల కొట్టు మీద ముప్పై నాలుగు మందికి,

అయిపోయింది! మొన్న సాయంత్రం నాలుగింటికి, గడువుకి ఒక గంట ముందు.

ఫారాలు వచ్చిన రోజు కంపెనీ ఆయన 'తలుపు తెరువు' కాగితాలతో గదిలోనే ఉన్నాడు. నీ కవరు చింపి చదవడం మొదలుపెట్టాను. "లిఫ్టు తాళ్ళు సరిగా ఉన్నవి" అని ముందుపక్క, "వెచ్చగా తొడుక్కో, చల్లారితే ఎవరి చొక్కా అయినా ఒకటే" అని వెనకపక్క. చదువుతూ చదువుతూనే మైకు ముందుకెళ్ళి మొదటి పాట పాడేశాను. ఒక్క అక్షరం దిద్దుకోలేదు. ఎనిమిది నెలల్లో మొదటిసారి, మాట నా మొహం చూసి ఏమీ అడగలేదు. అడగడానికి అది నాది కాదుగా. అవ్వది.

పాట ఆగాక అద్దం అవతల చూస్తే సౌండ్ ఇంజనీరు చేతిలో కలం లేదు. పేపరు మడిచి కింద పెట్టాడు. "మా అమ్మ" అన్నాడు. తర్వాత ఏదో చెప్పబోయి, "మళ్ళీ ఒకసారి పాడండి, రికార్డు బటన్ నొక్కడం మరిచాను" అన్నాడు.

కంపెనీ ఆయన అంత తేలిగ్గా లొంగలేదు. "చొక్కా గురించి పాటేమిటమ్మా? కిటికీ ఎక్కడ?"

"గడువుకి పది పాటలు ఇస్తే మీ రచయితవి పాడక్కర్లేదని రాసుకున్నాం. అవి దేని గురించి ఉండాలో రాసుకోలేదు" అన్నాను. మావయ్యా, ఆ గొంతు నీది. స్పాంజి గోడ కూడా దాన్ని ఇంకించుకోలేకపోయింది.

ఆల్బమ్ అట్ట మీద 'అర్థం చెప్పినవారు' అని వేసి కింద అందరినీ రాయిస్తున్నాను. ఇస్త్రీ అవ్వ, బస్సు డ్రైవరు, గాలి పట్టే ఆయన, అందరూ. అభ్యంతరం ఉన్నవాళ్ళు లేచి చెప్పొచ్చు.

పదో పాటకి నీ ఫారం ఖాళీగా వచ్చింది. పైన నీ చేతిరాతతో "ఎవరూ చెప్పలేదు" అని మాత్రం ఉంది. మాటలు పెడదామని రెండు రోజులు కూర్చున్నాను. చివరికి పెట్టలేదు. క్యాసెట్‌లో నువ్వు విన్న ఆ పాటనే, ఆ నోటికొచ్చిన శబ్దాలతోనే, ఎలా ఉన్నదాన్ని అలాగే ఉంచేశాను. చివర ఒక దగ్గు కూడా ఉంది. తీసేస్తానని ఇంజనీరు అంటే వద్దన్నాను.

నీ ఈలపిట్ట

అత్తా, తింటున్నాను. ఈసారి నిజం.


జూన్ 11

ఈలపిట్టకు,

ముందు ఆ పేపరాయన సంగతి. "మొదటి ఆల్బమ్ అంత జోరు రెండోదానికి లేదు" అని రాశాడు. జోరట! కార్చిచ్చులో, భూకంపంలో, సుడిగాలిలో దేవుణ్ణి వెతికినవాడికి ఏమీ దొరకలేదు, చివర మెల్లటి స్వరంలో దొరికింది. ఆ సంగతి ఆయనకు నాలుగు పేజీలు రాశాను. అత్త పోస్టు చెయ్యనివ్వలేదు. టీ గ్లాసుల కింద పరిచింది.

ఇక్కడ అయితే ఇస్త్రీ అవ్వ అట్ట మీద తన పేరున్న చోట సబ్బు పెట్టి తుడిచింది, మరక కాదని నమ్మకం కుదిరేదాకా. ఇప్పుడు చొక్కాలిచ్చేటప్పుడు, "తొందరగా తొడుక్కో, పాట విన్లేదా?" అని గదమాయిస్తోంది. డ్రైవరు మాత్రం ఆఖరి స్టాపులో దిగని అమ్మాయిలు ఎక్కువయ్యారని గోల.

నేనొక పని చేశాను. పన్నెండంతస్తుల భవనంలో లిఫ్టు స్పీకరుకు వైరు కలిపి నీ ఆల్బమ్ పెట్టాను. మేనేజరు వారం దాకా కనిపెట్టలేదు. కనిపెట్టాక, ఐదో అంతస్తులో దిగాల్సినవాడు పైదాకా వెళ్ళి మళ్ళీ కిందికి వచ్చాడు. ఇప్పుడేమీ అనడం లేదు.

నిన్న మధ్యాహ్నం నాలుగుకూ ఐదుకూ మధ్య ఆగింది. నేను ఆపలేదు, ప్రమాణం చెయ్యకూడదు కానీ ఆపలేదు. లోపల ఒకావిడ ఒక్కతే ఉంది. పదో పాట వస్తోంది. నేను పైన బ్రేకు దగ్గర ఉన్నాను, లోపలి ఫోను మోగింది.

"ఏమండీ, ఈ పాట ఏ భాష? అర్థమేమిటి?"

ఈలపిట్టా, ముప్పై ఏళ్ళుగా నేను ఎదురుచూసింది ఆ ప్రశ్న కోసమే. ఇరుక్కుపోయిన మనిషి, పైనుంచి వచ్చే స్వరం, అర్థమేమిటని అడిగే నోరు. నాలుక మీద వాక్యాలు వరసకట్టి నిలబడ్డాయి. నోరు తెరిచాను.

"తెలీదమ్మా" అన్నాను. "మీకేం వినపడింది?"

ఆవిడ ఇంకో చరణం దాకా వింది. తర్వాత చెప్పింది. ఏం చెప్పిందో నీకు రాయను, ఆవిడ నాకు చెప్పింది. నేను విన్నాను. మధ్యలో ఒక్క మాట కూడా అనలేదు. మీ అత్తని అడుగు, నమ్మదు.

చిన్నప్పుడు నువ్వు అన్నానికి నన్ను పిలవాలంటే కింద లిఫ్టు గుంటలోకి వంగి ఈల వేసేదానివి. పన్నెండంతస్తులూ ఎక్కి వచ్చేది నీ ఈల. నాకు పాడటం రాదు. ఆవిడ మాట అయిపోయాక నేను పైనుంచి ఈల వేశాను, నీ పదో పాట వరసలో. కింద నుంచి ఆవిడ అందుకుంది.

బ్రేకు సర్ది, కిందికెళ్ళి తలుపు తెరిచాను. ఆవిడ దిగలేదు. "పాట అయిపోనీయండి" అంది.

మీ మావయ్య

అత్తని. నేనూ ఆ లిఫ్టెక్కి పదో పాట విన్నాను. అందరూ అర్థం, అర్థం అంటున్నారు. నాకు వినపడింది ఒకటే: ఆ దగ్గు ఇంకా తగ్గలేదు. మందు సీసా విడిగా పంపుతున్నాను. పూటకు రెండు చెంచాలు.